నవంబర్‌లో హౌస్ చేతులు మారితే మన ట్యాక్సులు, 401కె సంగతేంటి?

తెనాలి_టు_షార్లెట్:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

మేము నార్త్ కరోలినాలో ఉంటాం. నాకు హెచ్1బీ వర్క్ వీసా, గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 పిటిషన్ అయింది, మా ఆవిడకి హెచ్4 ఈఏడీ (డిపెండెంట్‌కి పనిచేసే అనుమతి) ఉంది, రెండేళ్ల పాప. మొన్న ఆదివారం డాలస్ నుంచి మా బావ ఫోన్ చేసి గంటన్నర క్లాసు పీకాడు. 2026 నవంబర్ 3న మిడ్‌టర్మ్ (ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చే) ఎన్నికల్లో డెమోక్రాట్లు హౌస్‌ని, అంటే అమెరికా కాంగ్రెస్ దిగువ సభని పట్టేస్తారట, జనవరి రాగానే ట్యాక్సులు పెంచేస్తారట, మార్కెట్ కుప్పకూలుతుందట. అందుకని 401కె (కంపెనీ ద్వారా పెట్టే రిటైర్మెంట్ పొదుపు) మొత్తం ఇప్పుడే పెద్దగా ఒడిదుడుకులు లేని స్టేబుల్ వాల్యూ ఫండ్‌లోకి మార్చేసి, బయట ఉన్నదంతా బంగారంలో పెట్టమంటాడు. వాడు తన వాటా ఇప్పటికే మార్చేశాడు, అందుకే అంత గట్టిగా చెప్తున్నాడని నా అనుమానం. ఇంకోపక్క తెనాలి నుంచి నాన్నగారు, ఇండియాకి పంపే డబ్బు మీద వేసిన ట్యాక్స్ వీళ్లొస్తే తీసేస్తారా, అప్పటిదాకా ఆగుదామా అని అడుగుతున్నారు.

నా పరిస్థితి ఇదీ. 401కె అంతా ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఫండ్‌లో ఉంది. బయట 70 వేల డాలర్లు కూడా అలాంటి ఫండ్‌లోనే ఉన్నాయి, అది ఇంటి డౌన్‌పేమెంట్ కోసం, వచ్చే ఏడాది వేసవిలో కొందామని. మా ఇద్దరికీ ఇక్కడ ఓటు లేదు, ఎవరు గెలిచినా నాకు రాజకీయం వద్దు, డబ్బు సంగతి మాత్రమే చెప్పండి. నిజంగా సభ చేతులు మారితే ఏం మారుతుంది, ఏం మారదు?

ఎడిసన్_పెద్దాయన:

బాబూ, నేను 2000 నుంచి ఇక్కడే ఉన్నాను, హౌస్ అటూ ఇటూ మారడం నాలుగుసార్లు చూశాను. మీ బావ చెప్పినట్టే ఒకసారి చేశాను కూడా, ఆ కథ చెప్తాను విను.

2010 మిడ్‌టర్మ్‌లో రిపబ్లికన్లు హౌస్ గెలిచారు. ఒబామా ప్రెసిడెంట్, సెనేట్ డెమోక్రాట్లది. మరుసటి ఏడాది డెట్ సీలింగ్ దగ్గర పట్టుబట్టారు, ఖర్చు తగ్గిస్తే తప్ప అప్పు పరిమితి పెంచం అని. ఆగస్టు 2న ఆఖరి నిమిషంలో ఒప్పందం కుదిరింది. హమ్మయ్య అనుకున్నాం. 5వ తేదీ శుక్రవారం సాయంత్రం ఎస్ అండ్ పీ రేటింగ్ సంస్థ వాళ్లు అమెరికా అప్పు రేటింగ్‌ని అన్నిటికన్నా పైదైన ట్రిపుల్ ఏ నుంచి ఒక మెట్టు దించేశారు. సోమవారం, ఆగస్టు 8, ఆఫీసులో పులిహోర డబ్బా మూత తీసి పెట్టుకున్నాను, ఒక్క ముద్ద దిగలేదు. స్క్రీన్ మీద ఎస్ అండ్ పీ 500 సూచీ పడుతూనే ఉంది, ఆ రోజు మొత్తం మీద 6.66 శాతం పోయింది. మధ్యాహ్నం రెండింటికి 401కె సైటు తెరిచి అంతా అమ్మెయ్ అని నొక్కాను. అప్పటికి నాకు తెలియని సంగతేంటంటే, 401కెలో ఫండ్లు మార్కెట్ మూసేలోపు నువ్వు ఎన్ని గంటలకి నొక్కినా ఆ రోజు ముగింపు ధరకే అమ్ముడవుతాయి. సరిగ్గా ఆ రోజు అట్టడుగున, 1,119 దగ్గర అమ్ముకున్నాను. ఆ కాగితం ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది.

తిరిగి ఎప్పుడు కొన్నానో చెప్తే నవ్వుతావు. 2013 జనవరిలో, సూచీ 1,500 దరిదాపుల్లో ఉన్నప్పుడు. మధ్యలో రోజూ 'ఇంకాస్త పడనీ' అనుకుంటూ గడిపాను. అమ్మడానికి ఒక్క నిమిషం పట్టింది, మళ్లీ కొనడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంకో తమాషా, రేటింగ్ తగ్గింది అమెరికా బాండ్లకి కదా, భయపడ్డ జనం పరుగెత్తి కొన్నవి మళ్లీ ఆ బాండ్లే.

2018లో డెమోక్రాట్లు హౌస్ గెలిచినప్పుడు కూడా ఇవే ఫోన్లు వచ్చాయి. ఆ డిసెంబర్‌లో మొదలైన షట్‌డౌన్ (బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం) 35 రోజులు నడిచింది. 2019లో మార్కెట్ 29 శాతం దాకా పెరిగింది. హౌస్ మారింది కాబట్టి పెరిగిందని నేననను, దానికి వడ్డీ రేట్లు వగైరా సవాలక్ష కారణాలు. మీ బావ లెక్క మాత్రం ఆ ఏడాది తప్పేది.

లెక్కల_లక్ష్మి:

పెద్దాయన మార్కెట్ సంగతి చెప్పారు, నేను ట్యాక్స్ సంగతి చెప్తాను. సీజన్‌లో రిటర్నులు చేయడం నా పని, ఈ ప్రశ్న రోజుకి పదిసార్లు వింటున్నాను.

హౌస్ ఒక్కటి మారితే ట్యాక్స్ పెరగడం కుదరదు. చట్టం కావాలంటే హౌస్ కావాలి, సెనేట్ కావాలి, పైన ప్రెసిడెంట్ సంతకం కావాలి. కొత్త కాంగ్రెస్ 2027 జనవరి 3న కూర్చుంటుంది, ట్రంప్ 2029 జనవరి 20 దాకా ఉంటారు. ఆయన వీటో చేస్తే దాన్ని తోసిపుచ్చడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి, అది జరిగే పని కాదు. హౌస్‌కి వచ్చే అసలు బలం ఆపడంలో ఉంది. కొత్త ట్యాక్స్ తగ్గింపులు ఆపగలరు, బడ్జెట్ ఆపగలరు, కమిటీలు వేసి పిలిపించి ప్రశ్నలడగగలరు. ఉన్న చట్టాన్ని వెనక్కి తిప్పలేరు.

ఇంతకీ పెద్ద ట్యాక్స్ చట్టాలు ఎప్పుడొస్తాయో చూడండి. హౌస్, సెనేట్, వైట్‌హౌస్ మూడూ ఒకే పార్టీ చేతిలో ఉన్నప్పుడు. సెనేట్‌లో మామూలు బిల్లు దాటాలంటే 60 ఓట్లు కావాలి, బడ్జెట్ రీకన్సిలియేషన్ అనే దారిలో వెళ్తే సగం కన్నా ఒకటి ఎక్కువుంటే చాలు. 2017 ట్యాక్స్ చట్టం 51-48తో అలాగే దాటింది. 2021లో డెమోక్రాట్లు 1.9 ట్రిలియన్ల కోవిడ్ ప్యాకేజీ అలాగే తెచ్చారు, 2022లో పెద్ద కంపెనీల మీద 15 శాతం కనీస పన్ను, షేర్ల బైబ్యాక్ మీద 1 శాతం కూడా అదే దారి. 2025 జులై 4న సంతకమైన ట్రంప్ ట్యాక్స్ చట్టం, బిగ్ బ్యూటిఫుల్ బిల్, సెనేట్‌లో 50-50 అయితే వైస్ ప్రెసిడెంట్ వాన్స్ ఓటుతో గట్టెక్కింది. మూడు తాళాలూ ఒకరి దగ్గరున్నప్పుడే బీరువా తెరుచుకుంటుంది. నవంబర్‌లో ఒక తాళం అవతలి వాళ్లకి పోతే బీరువా మూతపడుతుంది, అందులో ఇప్పటికే ఉన్నవి అలాగే ఉంటాయి.

అందుకని ఎవరు గెలుస్తారన్నదానికన్నా చట్టంలో గడువు ఏ తేదీకి రాశారో చూసుకోండి. 2017 చట్టంలో మనలాంటి వాళ్ల శ్లాబులకి 2025 చివర గడువు పెట్టారు, ఎందుకంటే రీకన్సిలియేషన్‌లో పదేళ్ల తర్వాత లోటు పెంచకూడదని నిబంధన. పోయినేడాది లెక్క కట్టే పద్ధతే మార్చుకుని ఆ గడువు ఎత్తేశారు. 10 నుంచి 37 శాతం దాకా ఉన్న ఏడు శ్లాబులు ఇప్పుడు శాశ్వతం, అంటే ఇంకెవరో మూడు తాళాలూ సంపాదించేదాకా అన్నమాట. తాత్కాలికమైనవి వేరే ఉన్నాయి. టిప్పులు, ఓవర్‌టైమ్, కారు లోన్ వడ్డీ, 65 దాటిన వాళ్లకి 6,000 డిడక్షన్, ఇవన్నీ 2028తో అయిపోతాయి. స్టేట్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్ కలిపి చూపించుకునే పరిమితి 10 వేల నుంచి 40 వేలకి పెరిగింది కదా, న్యూజెర్సీ వాళ్లు పండగ చేసుకున్నారు, అది 2030లో మళ్లీ 10 వేలకి వస్తుంది. ఈ తేదీల దగ్గర జరిగే బేరాల్లో హౌస్ ఎవరిదన్నది లెక్కలోకి వస్తుంది, ఈ జనవరిలో కాదు.

చేతులు మారితే ఏ చట్టమూ రాదనీ అనుకోవద్దు. మీరంతా రాథ్ ఐఆర్ఏ (పన్ను కట్టేసిన డబ్బుతో పెట్టే రిటైర్మెంట్ అకౌంట్) అంటారే, అది 1997లో వచ్చింది. క్లింటన్ ప్రెసిడెంట్, రెండు సభలూ రిపబ్లికన్లవి. అదే చట్టంలో క్యాపిటల్ గెయిన్స్ (షేర్లు, ఆస్తులు అమ్మితే వచ్చే లాభం) మీద పన్ను 28 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఇద్దరికీ పనికొచ్చేదుంటే కూర్చుని మాట్లాడుకుంటారు.

వరంగల్_వాడు:

అక్క చెప్పింది కరెక్టే గానీ 'ఏం మారదు' అన్నట్టు వినిపిస్తుంది, అది మనలాంటి వీసా వాళ్లకి మస్తు డేంజర్ మాట. ఆపే బలం ఉందన్నారు కదా, ఆపితే మనకేమైతదో కూడా చెప్పాలె.

2025 అక్టోబర్ 1న మొదలైన షట్‌డౌన్ గుర్తుందా, 43 రోజులు, అప్పటిదాకా చరిత్రలో అదే పొడవైనది. అప్పుడు రెండు సభలూ ఒక్క పార్టీవే, అయినా సెనేట్‌లో 60 ఓట్లు దొరకక ఆగింది. హౌస్ కూడా అవతలోళ్లకి పోతే ఇట్లాంటివి తగ్గుతాయా పెరుగుతాయా, మీరే చెప్పండి. ఇమిగ్రేషన్ ఫైలింగ్ ఫీజులతో నడుస్తది కాబట్టి అది ఆగలే, కానీ హెచ్1బీకి ముందు కావాల్సిన, లేబర్ శాఖ ఇచ్చే ఎల్‌సీఏ, గ్రీన్‌కార్డుకి కావాల్సిన పర్మ్, రెండూ అక్టోబర్ ఆఖరు దాకా ఆగిపోయినయి. నా రూమ్మేట్ కొత్త ఆఫర్ చేతిల పట్టుకుని, పాత దగ్గర నోటీస్ ఇచ్చేసి, ఎల్‌సీఏ రాక నెలరోజులు జీతం లేకుండా కూర్చున్నడు. రోజూ పొద్దున లేచి లాయర్‌కి ఈమెయిల్, సాయంత్రం 'నో అప్‌డేట్' అని జవాబు. వాడి దగ్గర మూడు నెలల ఖర్చుకి క్యాష్ ఉంది కాబట్టి బతికిండు. 401కె ఎక్కడ పెట్టాలన్న దానికన్నా చేతిల ఎంత క్యాష్ ఉందన్నది వీసా మీదున్నోడికి పెద్ద ప్రశ్న.

ఇంక అప్పు సంగతి. బిగ్ బ్యూటిఫుల్ బిల్లులోనే డెట్ సీలింగ్ 5 ట్రిలియన్లు పెంచి 41.1 ట్రిలియన్లు చేసిండ్రు. అక్టోబర్ 2025లోనే అప్పు 38 దాటింది. ఏడాదికి రెండు ట్రిలియన్ల పైన పెరుగుతుంటే ఆ పరిమితి ఎప్పుడు తగుల్తదో వేళ్ల మీద లెక్క కట్టండి. దాదాపు 2027. అంటే నవంబర్‌లో గెలిచే కొత్త హౌస్ చేతికే ఆ పేచీ పోతది. 2011 కథ పెద్దాయన చెప్పిండు, 2023ది కూడా అదే కథ. ఆ ముందు నవంబర్‌లో రిపబ్లికన్లు 222 సీట్లతో హౌస్ గెలిచిండ్రు, జూన్ 3న సంతకం దాకా లాగిండ్రు, ఆగస్టు 1న ఫిచ్ అనే సంస్థ అమెరికా రేటింగ్ తగ్గించింది. షార్లెట్ అన్నా, నువ్వు ఇల్లు కొంటానన్నది 2027 వేసవిలనే కదా. ఆ 70 వేలు ఇంకా షేర్లల్ల ఎందుకున్నయి?

తెనాలి_టు_షార్లెట్:

వరంగల్ బ్రదర్, ఆ చివరి లైను చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. డౌన్‌పేమెంట్ డబ్బునీ రిటైర్మెంట్ డబ్బునీ ఒకే గాటన కట్టి ఆలోచిస్తున్నానని ఇప్పుడు అర్థమైంది.

లక్ష్మి గారూ, మీరు చెప్పిన బీరువా లెక్క ముందే తెలిసుంటే నాకు ఒక నష్టం తప్పేది, సిగ్గు విడిచి చెప్తున్నాను. పోయినేడాది మే నెలలో ఇండియాకి పంపే డబ్బు మీద 5 శాతం ట్యాక్స్ అని వార్త వచ్చింది కదా, వాట్సాప్ గ్రూపులన్నీ అదే గోల. హౌస్‌లో 3.5 శాతంగా పాసైంది. అయిపోయింది, ఇంక పంపలేం అనుకుని, నాన్నగారి పేరు మీద స్థలం కోసం దాచిన 40 వేల డాలర్లు ఒకే వారంలో పంపేశాను, రేటు 85 చిల్లర. తీరా సెనేట్‌కి వెళ్లేసరికి అది 1 శాతమైంది, అది కూడా నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి పంపేవాళ్లకే. బ్యాంక్ అకౌంట్ నుంచి గానీ ఇక్కడి డెబిట్ కార్డుతో గానీ పంపితే ఏమీ లేదు. అదీ 2026 జనవరి నుంచి. నేను ఎప్పుడూ పంపేది అకౌంట్ నుంచే! డిసెంబర్‌లో డాలర్ 90 దాటింది. లేని ట్యాక్స్‌కి భయపడి లక్షా ఎనభై వేల దాకా పోగొట్టుకున్నానని మా ఆవిడ కాలిక్యులేటర్‌లో చూపించింది, ఒకసారి కాదు, వచ్చిన చుట్టాలందరికీ చూపించింది.

తిరిగొచ్చిన_తెలుగోడు:

నేను పన్నెండేళ్లు అక్కడుండి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. మీరు అందరూ ఇండియా అలవాటుతో అమెరికా వార్తలు చదువుతున్నారు, తేడా అక్కడే వస్తోంది.

మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్నవాడే ప్రభుత్వం, ఆర్థిక మంత్రి బడ్జెట్ చదివితే అయిపోయినట్టే. 2024 జులై 23న నిర్మలా సీతారామన్ దీర్ఘకాల క్యాపిటల్ గెయిన్స్ 10 నుంచి 12.5 శాతం, స్వల్పకాలానికి 15 నుంచి 20 శాతం అన్నారు, ఆ రోజు నుంచే అమలు. ప్రసంగం వింటూ టీ తాగుతున్నాను, కప్పు కింద పెట్టేలోపు నా పన్ను పెరిగింది. అక్కడ అలా కాదు. 5 అన్నది 3.5 అయి, 1 అయి, ఆరు నెలల తర్వాత అమల్లోకి వచ్చింది. హౌస్ పాస్ చేసిందంటే మన దగ్గర పాసైనంత పని కాదు.

2024లోనే జూన్ 4, లోక్‌సభ ఫలితాల రోజు గుర్తుందిగా. బీజేపీ 240 దగ్గర ఆగింది, టీడీపీ 16, జేడీయూ 12 లేనిదే నడవదన్న పరిస్థితి. సెన్సెక్స్ ఒక్క రోజులో 4,390 పాయింట్లు పడింది. మా అపార్ట్‌మెంట్ కింద వాకింగ్ చేసే నలుగురిలో ఇద్దరు ఆ రోజే అమ్మేశారు. 7వ తేదీకల్లా మార్కెట్ పడక ముందున్న చోటుని దాటేసింది. ఆ తర్వాత నెలన్నరకి పన్ను పెరిగింది చూశారూ, దానికీ ఎవరు చేయిమారారన్నదానికీ సంబంధం లేదు. ప్రధాని ఆయనే, ఆర్థిక మంత్రి ఆవిడే. చేయి మారినందుకు వచ్చిందేమైనా ఉంటే అమరావతికి ఆ బడ్జెట్‌లో ప్రకటించిన 15,000 కోట్లు.

మన రాష్ట్రంలో అయితే సభ చేతులు మారితే నిజంగానే కొంపలు మారిపోతాయి, మా చిన్నాన్న తుళ్లూరు ప్లాటు అడగండి చెప్తాడు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుని శాసనమండలి సెలెక్ట్ కమిటీకి పంపింది, అక్కడ టీడీపీకి బలముంది. వారం తిరక్కముందే అసెంబ్లీలో మండలినే రద్దు చేద్దామని తీర్మానం పెట్టేశారు! తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారనుకోండి. అమెరికాలో సెనేట్ అడ్డుపడిందని సెనేట్‌ని ఎత్తేద్దామనే వీలుంటే మీ బావగారి భయానికి అర్థముండేది.

లెక్కల_లక్ష్మి:

మండలి పాయింటు బాగుంది. ఒకటి కలుపుతాను. ఇంటి లోన్ కోసం చూస్తున్నారు కాబట్టి, ఎన్నికల ప్రభావం ముందు కనపడేది పదేళ్ల ట్రెజరీ రేటులో, అంటే అమెరికా ప్రభుత్వం పదేళ్లకి చేసే అప్పు మీద వడ్డీలో. 2021 జనవరి 5న జార్జియాలో రెండు సెనేట్ సీట్లూ డెమోక్రాట్లు గెలిచి మూడు తాళాలూ వాళ్ల చేతికొచ్చాయి, మరుసటి రోజే ఆ రేటు 2020 మార్చి తర్వాత మొదటిసారి 1 శాతం దాటింది. ఇంక అప్పులు చేసి ఖర్చు పెడతారని మార్కెట్ అర్థం చేసుకుంది. పార్టీ ఏదైనా అంతే. బిగ్ బ్యూటిఫుల్ బిల్ పదేళ్లలో లోటుని 3.4 ట్రిలియన్లు పెంచుతుందని కాంగ్రెస్ సొంత బడ్జెట్ ఆఫీసే లెక్క కట్టింది. 2024లో వడ్డీలకి కట్టింది రక్షణ ఖర్చుని దాటిపోయింది. ఇంటి లోన్ రేట్లు ఆ పదేళ్ల రేటు వెనకే నడుస్తాయి. అలాగని రేటు తగ్గుతుందని ఎన్నికల కోసం ఆగొద్దు, ఇల్లు నచ్చితే కొనండి, తర్వాత తగ్గితే రీఫైనాన్స్ ఉంది.

మీ పాప 2025కి ముందు పుట్టి ఉంటే ట్రంప్ అకౌంట్ (పిల్లల పేర పెట్టే పొదుపు)లో ప్రభుత్వం వేసే ఆ వెయ్యి డాలర్లు రావు, చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. 2025 నుంచి 2028 మధ్య పుట్టిన అమెరికా పౌరులైన పిల్లలకే.

ఎడిసన్_పెద్దాయన:

వరంగల్ అబ్బాయి డౌన్‌పేమెంట్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు, నేను మార్కెట్ కథలో పడి ఆ సంగతే చూడలేదు. ఏడాదిలో కావాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదు, హౌస్ ఎవరిదైనా. ట్రెజరీ బిల్లులు (ప్రభుత్వానికి ఏడాది లోపు గడువుతో ఇచ్చే అప్పు) కొనుక్కో, వాటి వడ్డీకి మీ స్టేట్ ట్యాక్స్ ఉండదు. ఒక్క జాగ్రత్త. డెట్ సీలింగ్ గొడవ ముదిరితే ఆ తేదీ దగ్గర గడువు తీరే బిల్లులకే ముందు దెబ్బ తగులుతుంది, 2023 మేలో జూన్ మొదటివారం బిల్లుల రేటు 7 శాతం దాటింది, ఎవరూ ముట్టుకోలేదు. నీకు రిజిస్ట్రేషన్‌కి డబ్బు కావాల్సిన వారమూ ఆ వారమూ ఒకటి కాకుండా చూసుకో, కొంత మామూలు సేవింగ్స్‌లో పెట్టు. ఫండ్ అమ్మేటప్పుడు ఏడాది దాటిన యూనిట్లు ముందు అమ్ము, ట్యాక్స్ తక్కువ పడుతుంది.

తెనాలి_టు_షార్లెట్:

అందరికీ థ్యాంక్సండీ. 401కె కదిలించలేదు. డౌన్‌పేమెంట్ డబ్బులో ఏడాది దాటిన యూనిట్లు నిన్న అమ్మాను, సగం ట్రెజరీ బిల్లులు, సగం సేవింగ్స్. ఆరు నెలల ఖర్చుకి క్యాష్ ఉండేలా చూస్తున్నాం, ఆ రూమ్మేట్ కథ మా ఆవిడకి చదివి వినిపించాక తనే పట్టుబట్టింది. నాన్నగారికి అకౌంట్ నుంచి పంపితే ట్యాక్స్ లేదని చెప్పాను. "ఆ మాట పోయినేడాదే చెప్పొచ్చుగా" అన్నారు.

బావకి ఈ థ్రెడ్ లింకు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఇంకా రాలేదు.